అప్‌డేట్: 10 x 11 అడుగుల గదిలో సబ్‌వూఫర్

చిన్న గదిలో స్టీరియోకి 12 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, లోతైన బేస్ శబ్దాలకి విడిగా పెట్టే స్పీకర్) ఒకటా, 8 అంగుళాలవి రెండా అని పోయిన నెల అడిగాను కదా. చివరికి రెండూ కాదు, పోర్టు (పెట్టెలో గాలి వచ్చిపోయే రంధ్రం) లేని 10 అంగుళాలది ఒక్కటే కొన్నాను. బీరువా పోగా రెండోదానికి చోటెక్కడిది!

మూలన పెడితే ఒకటే మోత. లెక్క వేస్తే 11 అడుగుల పొడవుకి 51 హెర్ట్జ్ దగ్గర గదే మోగుతుంది. ఎక్కడ పెట్టాలో తేల్చుకోడానికి, అప్పుడు మీరు చెప్పినట్టే సబ్‌ని నా కుర్చీలో పెట్టి, పాట వేసి, గోడల వెంట పాక్కుంటూ విన్నాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఎడమ స్పీకర్ పక్కన, మూలకి మూడడుగుల దూరంలో బేస్ గిటార్ స్వరాలు విడివిడిగా వినిపించాయి. అక్కడే ఉంచేశాను.

క్రాసోవర్ (ఎంత ఫ్రీక్వెన్సీ కింది శబ్దాలు సబ్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్, ఫేజ్ (సబ్ శబ్దం స్పీకర్లతో కలిసేలా సర్దే సెట్టింగ్) 180 డిగ్రీలు. కింది పోర్షన్ వాళ్ల టెన్షన్‌తో వాల్యూమ్ మాత్రం సగం దాటించలేదు.