కొల్లాజెన్‌కి ‘వజ్రం’ అనొచ్చా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బరంపురంలో నర్సింగ్ చదువుతున్న మా మేనకోడలు మొన్న సెలవులకొచ్చి, ఎక్స్‌ట్రాసెల్యులార్ మాట్రిక్స్‌ని తెలుగులో ఏమంటారు మావయ్యా అని అడిగింది. పుస్తకాల్లో ‘కణబాహ్య మాత్రిక’ అంటారన్నాను. “లెక్కల్లో మాత్రికలా?” అంది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసింది.

విషయం చూస్తే సులువే. కణాల బయట, వాటి చుట్టూ ఉండే అల్లిక అది. కండకీ చర్మానికీ ఆకారం, పట్టు దానివల్లే. అందులో ఉండేవి ఎక్కువగా ప్రోటీన్లు. సాగి మళ్ళీ యథాస్థితికొచ్చేది ఎలాస్టిన్. కణాల్ని అల్లికకి పట్టి ఉంచేవి ఫైబ్రోనెక్టిన్, లామినిన్. వీటన్నిటికంటే ఎక్కువగా ఉండేది కొల్లాజెన్.

గ్రీకులో ‘కొల్లా’ అంటే జిగురు. తోలూ ఎముకలూ ఉడికిస్తే జిగురొస్తుంది కాబట్టి ఆ పేరు. మా చిన్నప్పుడు వీధి చివర వడ్రంగి తాత గోధుమరంగు పలుకుల్ని డబ్బాలో నీళ్ళు పోసి కాచేవాడు. ఆ కంపుకి ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళం. ఆయన దాన్ని ‘వజ్రం’ అనేవాడు. అంటే గ్రీకువాళ్ళ కొల్లా, మన వడ్రంగుల వజ్రం ఒకటే సరుకు!

ఇంకో ముచ్చట. కొల్లాజెన్‌లో మూడు గొలుసులు పెనవేసుకుని ఉంటాయని 1954లో మద్రాసులో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. అచ్చం మూడు పాయల జడ. సి విటమిన్ చాలకపోతే ఆ జడ గట్టిగా నిలవదు. చల్లారిన మేక పాయా గడ్డకట్టేది కూడా దీనివల్లే. ఈ పాయకీ ఆ పాయాకీ చుట్టరికం లేదులెండి, అది ఉర్దూ మాట.

ఇది చదివినవాళ్ళు అన్నవీ, నా జవాబులూ:

— వజ్రం అంటే ఇప్పటి పిల్లలు ఉంగరంలో రాయి అనుకుంటారు మాస్టారూ. మా ఇంట్లో జిగురుని ఒడియాలోలా ‘అఠా’ అనే అంటాం. కొల్లాజెన్‌ని అలాగే వదిలేయండి. ‘అల్లిక’ మాత్రం నాకు నచ్చింది.

— నిజమేనమ్మా, వజ్రం వెనక్కి తీసుకుంటున్నా. ‘కణాల చుట్టు అల్లిక’ అని రాస్తే చాలు.

— మరి మన ఊరి కొమ్ము బొమ్మలు? అవీ కొల్లాజెనేనా?

— కాదు బాబూ. కొమ్ము పైతొడుగు కెరాటిన్. అది కణాల చుట్టూ కాదు, లోపలే నిండి గట్టిపడుతుంది. ఆ తొడుగు కింద ఉన్న ఎముకలో అయితే కొల్లాజెన్ ఉంటుంది.