క్లాసులో బొల్లి ఉన్న బాబు, మా పాపకి ఎలా చెప్పాలి?

ప్రశ్న:
మా పాపది రెండో తరగతి. క్లాసులోకి కొత్తగా వచ్చిన బాబుకి మూతి చుట్టూ, వేళ్ళ మీద తెల్లమచ్చలున్నాయి. ఆటలో చేతులు పట్టుకోమంటే మా పాప వాడి చొక్కా అంచు పట్టుకుందట. "అంటుకుంటుందేమోనమ్మా" అంటోంది. ఆ బాబు మనసు ఎంత చిన్నబుచ్చుకుందో అని నాకు ఒకటే బాధ.

జవాబు 1:
ముందు భయం పోగొట్టండి, మర్యాద సంగతి తర్వాత. బొల్లి అంటువ్యాధి కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారుచేసే కణాలు అక్కడ నశిస్తాయి. ముట్టుకున్నా, కలిసి తిన్నా రాదు. ఇంతే, పాపకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

జవాబు 2:
నాకు చిన్నప్పటి నుంచీ బొల్లి ఉందండీ. "ఇదేంటి?" అని ముఖం మీదే అడిగిన పిల్లలు నన్నెప్పుడూ నొప్పించలేదు. జవాబు విని మళ్ళీ ఆటలో పడిపోయేవాళ్ళు. "అలా చూడకూడదు" అంటూ వాళ్ళని పక్కకి లాక్కెళ్ళిన పెద్దవాళ్ళ వల్లే మనసు చివుక్కుమనేది. దయచేసి పాప ముందు "పాపం" అనకండి. జాలిపడితే వాడు స్నేహితుడు కాలేడు. ఇంకోటి, మచ్చలున్న చోట చర్మం ఎండకి తొందరగా కమిలిపోతుంది. వాడు నీడలో కూర్చుంటే ఆటని అక్కడికే తీసుకెళ్ళమనండి, అది నిజమైన సాయం.

జవాబు 3:
టీచర్‌తో కూడా మాట్లాడండి అక్కా, కానీ ఆ బాబుని నిలబెట్టి క్లాసుకి పాఠం చెప్పించొద్దు. అందరికీ ఏం చెప్పాలో ముందు వాడినీ, వాళ్ళమ్మనీ అడగాలి.