వేసవిలో ఆంకరేజ్ నగరం, దాని చుట్టూ ఉన్న అడవి: పెద్దవాళ్లం ఎలా చూడాలి?

ప్రశ్న: శ్రీకాకుళం, విశ్రాంత ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు సియాటిల్‌లో ఉంటున్నారు. వచ్చే వేసవిలో మేమిద్దరం వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి నుంచి అందరం కలిసి ఒక వారం పాటు అలాస్కాలోని ఆంకరేజ్ చూడాలనుకుంటున్నాం. నాకు కొండలన్నా పక్షులన్నా చాలా ఇష్టం. ఉద్యోగంలో ఉన్నప్పుడు తేలినీలాపురం పక్షుల విడిదికి పిల్లలను తీసుకెళ్తుండేవాణ్ణి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి, పైగా మేం శాకాహారులం. జూన్ చివర మంచిదా, ఆగస్టు మంచిదా? అర్ధరాత్రి సూర్యుడు కనిపిస్తాడంటారు, నిజమేనా? ఎక్కువ నడవకుండా అడవిని చూడడం సాధ్యమేనా? ఎలుగుబంట్ల సంగతి విని మా ఆవిడ భయపడుతోంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విజయనగరం

మాస్టారూ, నమస్కారం. ముందుగా సూర్యుడి సంగతి చెబుతాను, ఎందుకంటే మీ వారం రోజుల ఏర్పాట్లన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఆంకరేజ్ 61 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు అస్తమించని రోజును చూడాలంటే సుమారు 66.5 డిగ్రీల దగ్గరున్న ఆర్కిటిక్ వలయాన్ని దాటాలి, కాబట్టి అర్ధరాత్రి సూర్యుడు మీకు అక్కడ కనిపించడు. అయితే జూన్ 21 ప్రాంతంలో పగలు 19 గంటలకు పైగా ఉంటుంది. రాత్రి పదకొండున్నర దాటాక పొద్దు గుంకుతుంది, ఆ తరువాత కూడా పూర్తిగా చీకటి పడకుండానే మళ్లీ తెల్లవారుతుంది. మన జిల్లాల్లో ఏడాదిలోకెల్లా పెద్ద పగలు 13 గంటలను కాస్త దాటుతుందంతే. ఇంకా వెలుగుంది కదా అని తిరుగుతూ పోతే భోజనమూ, మాత్రలూ, నిద్రా అన్నీ వేళ తప్పుతాయి. ఆకాశాన్ని కాక గడియారాన్ని చూసి పడుకోండి. కిటికీలకు మందపాటి తెరలున్న గదిని అడిగి తీసుకోండి.

నెల విషయంలో నా ఓటు జూన్ రెండో సగానికే. ఆగస్టులో వానలు ఎక్కువ. జూన్ చివర దోమలుంటాయి కాని వాటికి మందుంది, వానకు లేదు. జూలైలో కూడా పగటి ఉష్ణోగ్రత సగటున 18, 19 డిగ్రీలే కాబట్టి, మనకు అది చలికాలమే అనుకుని స్వెట్టర్లు పెట్టుకోండి.

ఇక మన తీర ప్రాంతం వాళ్లకు తప్పనిసరిగా చెప్పవలసిన మాట ఒకటుంది. కళింగపట్నంలోనో బారువలోనో సముద్రం కనబడగానే దిగి కాళ్లు తడుపుకోవడం మనకు అలవాటు. ఆంకరేజ్‌కు దక్షిణాన టర్నగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ ఉంది. ఆటు సమయంలో నీరు వెనక్కు పోయి, మైళ్ల కొద్దీ బూడిదరంగు మేటలు బయటపడతాయి. చూడడానికి గట్టి నేలలాగే ఉంటాయి కాని, అది హిమానీనదాలు కొండరాళ్లను అరగదీసి తెచ్చిన మెత్తని ఒండ్రు. అడుగు పెడితే కాలు దిగబడుతుంది, దాని చుట్టూ ఒండ్రు బిగుసుకుంటుంది, పోటు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అక్కడ ఆటుపోట్ల మధ్య తేడా 9 మీటర్లకు పైగా ఉంటుంది. మనవలుంటే చెయ్యి వదలకండి. ఎవరూ ఆ మేటల మీదికి దిగవద్దు.

ఆ పాయను రోడ్డు మీది నుంచి చూస్తేనే కడుపు నిండుతుంది. ఆంకరేజ్ నుంచి సెవార్డ్ ఊరికి 127 మైళ్ల సెవార్డ్ హైవే చాలా దూరం దాని ఒడ్డునే సాగుతుంది. నగరం దాటుతూండగానే పాటర్ మార్ష్ వస్తుంది. రైలు కట్ట వేసినప్పుడు నీరు నిలిచి ఏర్పడిన ఆ చిత్తడి నేల మీద చెక్కదారి వేశారు, అమ్మగారు నెమ్మదిగా నడవవచ్చు. ఏటా అంటార్కిటికా దాకా వెళ్లి వచ్చే ఆర్కిటిక్ టెర్న్ పక్షులను మీరు అక్కడ చూడవచ్చు. తేలినీలాపురం మీద అంత మమకారమున్నవారు ఆ ఒక్క చోటికే ఒక ఉదయమంతా కేటాయించాలని నా కోరిక. ఇంకా ముందుకు వెళ్తే కొండ అంచుల మీద తెల్లని డాల్ గొర్రెలు కనిపిస్తాయి. గిర్డ్‌వుడ్, పోర్టేజ్ దగ్గర ఎండి నిలిచిన చెట్ల మోళ్లు ఉంటాయి. 1964 మార్చి 27న వచ్చిన 9.2 తీవ్రత గల భూకంపంలో నేల కుంగి, ఉప్పునీరు వేళ్లకు చేరి చచ్చిపోయిన చెట్లవి. సెవార్డ్ దగ్గరి ఎగ్జిట్ హిమానీనదానికి వెళ్లే దారిలో, ఏ సంవత్సరంలో మంచు ఎక్కడి వరకు ఉండేదో తెలిపే పలకలు పాతారు. మంచు ఎంత వెనక్కి పోయిందో ఆ పలకల వెంట నడిస్తే అర్థమవుతుంది.

జవాబు: ఉద్దానం, ప్రస్తుతం ఆంకరేజ్

మాస్టారు గారూ, మా ఊరి జీడితోటల్లోకి ఎలుగులు రావడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. ఉద్దానంలో తోటకు వెళ్లేవాళ్లు నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు. ఇక్కడ కూడా అదే పద్ధతి పాటించాలి, ఎందుకంటే హఠాత్తుగా ఎదురుపడడమే అన్నిటికంటే ప్రమాదం. ఇక్కడ నల్ల ఎలుగులూ గోధుమరంగు ఎలుగులూ రెండూ ఉన్నాయి. ఎలుగు కనిపిస్తే పరుగెత్తకూడదు. నిదానంగా మాట్లాడుతూ వెనక్కు జరగాలి. ఎలుగును తరమడానికి చల్లే కారపు మందు, అంటే బేర్ స్ప్రేను, విమానంలో చేతిసంచిలో గానీ పెద్ద సామానులో గానీ తేనివ్వరు, ఇక్కడికి వచ్చాకే కొనుక్కోవాలి. తినే వస్తువులను బయట వదలకండి. ఆవకాయ జాడీ అయినా, చెత్తసంచి అయినా గది లోపలే ఉండాలి.

అయితే నగరంలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది మూస్ అనే గుర్రమంత ఎత్తున్న దుప్పి. అది ఇళ్ల ముందు మొక్కలు మేస్తూ సాధువులా కనిపిస్తుంది. కాని మే, జూన్ నెలల్లో దూడ వెంట ఉన్న తల్లి దగ్గరికి ఫోటో కోసం వెళ్తే కాళ్లతో తొక్కేస్తుంది. అది చెవులు వెనక్కి వాల్చి మీదికి వస్తే మాత్రం పరుగెత్తి చెట్టు చాటుకో కారు చాటుకో పోవాలి. ఎలుగు దగ్గర పనికిరాని పరుగు ఇక్కడ ప్రాణం కాపాడుతుంది; ఈ తేడాను పిల్లలకు కూడా ముందే చెప్పి ఉంచండి.

కొండ పైనుంచి చూడాలనుకుంటే చుగాచ్ స్టేట్ పార్క్‌లోని గ్లెన్ ఆల్ప్స్ వరకు కారు వెళ్తుంది. ఫ్లాట్‌టాప్ కొండ ఎక్కడం మోకాళ్లకు మంచిది కాదు కాని, కారు ఆపిన చోటి నుంచే ఒక పొట్టి దారి ఉంది, దాని చివర నగరమూ సముద్రమూ ఒకేసారి కనిపిస్తాయి. భోజనానికి వంటగది ఉన్న బస తీసుకోండి. బియ్యం, పప్పు, కూరగాయలు నగరంలోనే దొరుకుతాయి.

ప్రశ్న అడిగినవారు:

ఇంత వివరంగా చెప్పిన ఇద్దరికీ కృతజ్ఞతలు. మా అల్లుడు ఒక్కరోజులో కారులో డెనాలి పార్కుకు వెళ్లి రావచ్చంటున్నాడు. అది సబబేనా?

జవాబు: విజయనగరం

వద్దు మాస్టారూ. పార్కు ద్వారం వరకే ఒకవైపు సుమారు 380 కిలోమీటర్లు. లోపల సొంత వాహనాలను 15వ మైలు వరకే అనుమతిస్తారు, ఆపైన బస్సే ఎక్కాలి. 2021లో ప్రెట్టీ రాక్స్ దగ్గర కొండచరియ జారి 43వ మైలు దగ్గర రోడ్డు మూసివేశారు కాబట్టి, ప్రస్తుత పరిస్థితిని పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. అంత దూరం వెళ్లినా 6,190 మీటర్ల డెనాలి శిఖరం చాలా రోజులు మబ్బుల్లోనే ఉంటుంది. సగం దారిలో ఉన్న టాల్కీట్నా నుంచి, ఆకాశం తేటగా ఉంటే, శిఖరం చక్కగా కనిపిస్తుంది. ఆంకరేజ్ నుంచి రైలు కూడా అక్కడ ఆగుతుంది, అందువల్ల అల్లుడిగారికి డ్రైవింగ్ శ్రమ తప్పుతుంది. వెళ్లే తేదీని ముందే బిగించకుండా, వాతావరణ సూచనలో తేట రోజు చూసుకుని ఆ రోజు బయలుదేరండి.