విమ్‌లో రాసిన తెలుగు ఉత్తరం ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా కనబడుతోంది

కాజీపేట పాఠకురాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పగలు నాది పైథాన్ రాసే ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక ఒక చిన్న తెలుగు పత్రికకి వచ్చే వ్యాసాలు చదివి, రచయితలకి సవరణలు రాసి పంపుతాను. నెలకి ముప్పై, నలభై ఉత్తరాలు ఉంటాయి. అన్నీ విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో రాసి, టెర్మినల్‌లో నడిచే మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ నుంచి పంపుతాను. బ్రౌజర్‌లో ఆ చిన్న పెట్టె ముందు కూర్చుంటే నాకు ఉత్తరం రాదు. విమ్‌లో అయితే రచయిత పేరా కిందే నా మాట పెట్టుకుంటాను. ఒకే పదాన్ని వ్యాసంలో ఎన్ని రకాలుగా రాశారో అక్కడికక్కడే వెతికి చూసుకుంటాను.

పోయిన వారం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఎనభైకి దగ్గర్లో ఉన్నారు, ఉత్తరాలు మనవడి ఫోన్‌లో చదువుతారు. "బిడ్డా, నువ్వు పంపింది వచనమా, వచన కవితా? ఒక లైను పొడుగు, ఒక లైను పొట్టి. అండ్ల నా మాటేదో నీ మాటేదో సమజ్ కాలే" అన్నారు. ఆయన నిజంగానే అడుగుతున్నారు. నేను రాసిన కొత్త వాక్యాన్ని తన పాత వాక్యమే అనుకుని, మార్చాల్సింది ఏమీ లేదని వదిలేశారు. అచ్చుకి వెళ్లేలోపు చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. కానీ అప్పటినుంచి ప్రతి ఉత్తరానికీ టెన్షన్‌గా ఉంది. సవరణలు చెప్పే ఉత్తరంలో ఎవరి మాట ఎవరిదో తెలియకపోతే ఇక ఆ ఉత్తరం దేనికి?

అదే ఉత్తరాన్ని నా ఫోన్‌లో తెరిచి చూశాను. లైన్లన్నీ 72 అక్షరాల దగ్గర తెగి ఉన్నాయి. ఫోన్ వెడల్పు అందులో సగమే కాబట్టి అది మళ్లీ తెంపుతోంది. రచయిత పేరాలకి ముందుండే > గుర్తు లైను మొదటి సగానికే ఉంది, కిందికి జారిన ముక్కకి లేదు. ఆ ముక్కలే నా మాటల్లా కనబడుతున్నాయి. విమ్ సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీలో టెక్స్ట్‌విడ్త్ (లైను ఎన్ని అక్షరాల దగ్గర తెగాలో చెప్పేది) సున్నా, అంటే తెంపొద్దు అని పెట్టుకున్నాను. అయినా ఎందుకు తెగుతోంది? తెగిన లైన్లని అవతల మళ్లీ పేరాగా కలపడానికి మట్‌లో ఉండే టెక్స్ట్ ఫ్లోడ్ సెట్టింగ్ కూడా ఆన్ చేశాను, తేడా ఏమీ లేదు.

ఇంకొకటి. నా సంతకం, అంటే పేరు, పత్రిక చిరునామా, ప్రతి జవాబులోనూ వెనక్కి వస్తోంది. నాలుగు ఉత్తరాలు నడిచేసరికి నాలుగు సంతకాలు పేరుకుపోతున్నాయి. సంతకం పైన రెండు గీతలు ఉంటే అవతలి ప్రోగ్రామ్ జవాబులో దాన్ని వదిలేస్తుందని చదివాను. గీతలు ఉన్నాయి, కానీ వదిలేయడం లేదు.

గోదారిగట్టు:

పాఠకురాలు గారూ, 72 సంగతి నాకూ ఒకప్పుడు రెండు రోజులు తిన్నది. విమ్‌తోపాటే మెయిల్ ఫైళ్ల కోసం ఒక ఫైల్‌టైప్ ప్లగిన్, అంటే ఆ రకం ఫైలు తెరిచినప్పుడు తనంతట నడిచే చిన్న స్క్రిప్టు వస్తుంది. అది టెక్స్ట్‌విడ్త్ ఎంత ఉందో చూస్తుంది. సున్నా ఉంటే, వాడేవాళ్లు ఏమీ పెట్టుకోలేదు అనుకుని 72 పెట్టేస్తుంది. మీరు కావాలని పెట్టిన సున్నాకీ, ఏమీ పెట్టకపోతే ఉండే సున్నాకీ దానికి తేడా తెలియదు. మీ విమ్‌ఆర్‌సీ చదివిన తర్వాత, ఉత్తరం తెరుచుకునేటప్పుడు ఇది జరుగుతుంది కాబట్టి అక్కడ ఎన్నిసార్లు సున్నా పెట్టినా లాభం లేదు.

హోమ్‌లో ఉన్న చుక్క విమ్ ఫోల్డర్‌లో ఆఫ్టర్ అని ఒకటి, దానిలో ఎఫ్‌టీప్లగిన్ అని ఇంకొకటి చేసి, అందులో మెయిల్ చుక్క విమ్ అనే ఫైలు పెట్టండి. ఇది ప్లగిన్ తర్వాత నడుస్తుంది. సెట్‌లోకల్‌తో టెక్స్ట్‌విడ్త్ సున్నా చేయండి, వ్రాప్, లైన్‌బ్రేక్ రెండూ ఆన్ చేయండి. అప్పుడు పేరా అంతా ఒకే లైను. తెర మీద మాత్రం పదాల మధ్య మడతపడి కనబడుతుంది, ఫైల్లో ఎక్కడా తెగదు. మడతల్లో పైకీ కిందికీ వెళ్లడానికి జె, కె ముందు జి నొక్కాలి. రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

ఇలా రాస్తే ఫోన్ తన వెడల్పుకి తగ్గట్టు తనే మడుస్తుంది. రచయిత పేరాకి మొదట్లో ఒకే ఒక్క > ఉంటుంది. మీ మాట ఎప్పుడూ ఒక ఖాళీ లైను వదిలి మొదలుపెట్టండి.

పేరా అంతా ఒక లైనైతే పంపడంలో ఇబ్బంది రాదా అని మీకు అనుమానం రావచ్చు. నాకు వచ్చింది. మెయిల్ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం ఒక లైను 998 బైట్లు దాటకూడదు, 78 లోపు ఉంటే మంచిది. ఇంగ్లీషు వాళ్లకి 998 అంటే పెద్ద పేరా. యూటీఎఫ్-8లో మన ఒక్కో కోడ్ పాయింటుకి, అంటే యూనికోడ్‌లో విడిగా నంబరున్న ఒక్కో గుర్తుకి, మూడు బైట్లు. గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్క. 'క్షే' అని రాస్తే క, పొల్లు, ష, ఏత్వం కలిపి 12 బైట్లు. అంటే 330 కోడ్ పాయింట్లు దాటేసరికే హద్దు వచ్చేస్తుంది. ఐదారు వాక్యాలు చాలు. అయినా భయం లేదు. లైను అంత పొడుగుంటే మట్ దాన్ని కోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలోకి (ఒక్కో బైటుని మూడు మామూలు ఇంగ్లీషు గుర్తులుగా రాసే పద్ధతి) మార్చి, చిన్న లైన్లు చేసి పంపుతుంది. అవతల తెరిచినప్పుడు మళ్లీ ఒకే లైనవుతుంది. దారిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింటు తొమ్మిది అక్షరాలు అవుతుంది, ఉత్తరం కాస్త బరువెక్కుతుంది, అంతే.

మిణుగురు:

పైథాన్ రాస్తాను అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఫైలు సేవ్ చేసినప్పుడు లైను చివర ఉన్న ఖాళీలు తనంతట తుడిచేసే ఆదేశం, అదే ఆటోకమాండ్, మీ విమ్‌ఆర్‌సీలో ఉందా? ఉంటే మీ మిగతా రెండు ప్రశ్నలకీ జవాబు అదే.

సంతకం గుర్తు అంటే రెండు గీతలు మాత్రమే కాదు. రెండు గీతలు, వాటి తర్వాత ఒక ఖాళీ, అక్కడితో లైను పూర్తి. మట్ దాన్ని సరిగ్గానే పెడుతుంది. మీరు సేవ్ చేయగానే ఆ ఖాళీ పోతుంది. ఇక అవతలి ప్రోగ్రామ్‌కి అవి మామూలు గీతలే.

మీ టెక్స్ట్ ఫ్లోడ్ సెట్టింగ్ వాడే ఫార్మాట్ ఫ్లోడ్ పద్ధతి కూడా ఆ ఖాళీ మీదే నడుస్తుంది. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3676 చెప్పేది అదే. లైను చివర ఖాళీ ఉంటే పేరా కింది లైన్లో కొనసాగుతోందని, లేకపోతే అక్కడితో ఆగిందని అర్థం. మట్‌లో ఆ సెట్టింగ్ ఆన్ చేస్తే హెడర్‌లో ఆ మాట చేరుతుంది గానీ, ఖాళీలు పెట్టాల్సింది ఎడిటరే. విమ్ ఫార్మాట్ ఆప్షన్లలో డబ్ల్యూ చేరిస్తే పెడుతుంది. మీ దగ్గర పెట్టినా తుడిచిపెట్టుకుపోయేది.

ఆ ఆటోకమాండ్‌ని పైథాన్ ఫైళ్లకే పరిమితం చేయండి. ఫ్లోడ్ జోలికి మాత్రం వెళ్లకండి. చాలా ఫోన్ యాప్‌లు దాన్ని పట్టించుకోవు. గోదారిగట్టు గారు చెప్పిన పొడుగు లైన్లే మీ రచయితలకి మంచిది.

టెర్మినల్ తాత:

అమ్మా, సంతకం గురించి ఒక మాట. రచయితలకి ఒక సంతకం, ఆఫీసు వాళ్లకి ఒకటి కావాలంటే మట్‌లో సెండ్‌హుక్ అనే ఆదేశం వాడుకో. ఎవరికి రాస్తున్నావో చూసి మట్ తనే సంతకం మారుస్తుంది. అయితే ఒకసారి మార్చింది తర్వాతి ఉత్తరానికీ అలాగే ఉండిపోతుంది. అందుకని అందరికీ వర్తించే హుక్ ఒకటి అన్నిటికన్నా పైన రాసి, మామూలు సంతకం అక్కడ పెట్టు. ఆ తర్వాతే ప్రత్యేకమైనవి. ఈ వరస తప్పితే ఆఫీసు సంతకం రచయితలకి వెళుతుంది.

ఇంకో సాయం ఉంది, మన భాషకి బాగా పనికొస్తుంది. అబార్ట్ నోఅటాచ్ అనే సెట్టింగ్. ఫైలు జత చేస్తున్నట్టు ఉత్తరంలో రాసి, ఫైలు పెట్టడం మరిచిపోతే పంపే ముందు ఆపి అడుగుతుంది. ముందునుంచీ అది వెతికేది అటాచ్ అన్న ఇంగ్లీషు మాటని. దాని రెజెక్స్‌లో, అంటే వెతకాల్సిన మాటల నమూనాలో, 'జత' అని చేర్చు. జతచేశాను, జతపరిచాను, జతగా పంపుతున్నాను, అన్నీ దొరుకుతాయి. > ఉన్న లైన్లలో వెతకదు కాబట్టి రచయిత రాసిన 'జత' చూసి నిన్ను ఆపదు.

కాజీపేట పాఠకురాలు:

ముగ్గురికీ చాలా థాంక్సండి. మిణుగురు గారూ, ఉంది. 41వ లైన్లో ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసుకున్న లైను, అన్ని ఫైళ్లకీ వర్తించేలా రాశాను. పైథాన్‌కి మాత్రమే చేశాను, సంతకం సమస్య ఆ రోజే పోయింది.

గోదారిగట్టు గారు చెప్పిన ఫైలు పెట్టాను. పేరా అంతా ఒక లైనుగా ఉండటం మొదటి రోజు ఇబ్బందిగా అనిపించింది, ఎందుకంటే ఒక లైను తీసేయబోతే పేరా మొత్తం పోయింది. ఇప్పుడు వాక్యం వరకే తీయడం అలవాటు చేసుకుంటున్నాను. దానికి మూసే కుండలీకరణం నొక్కితే తర్వాతి వాక్యం మొదటికి వెళ్లొచ్చని ఇన్నేళ్లుగా నాకు తెలియదు. కాకపోతే చుక్క తర్వాత ఖాళీ ఉండాలి, మా రచయితల్లో కొందరు చుక్క పక్కనే తర్వాతి మాట మొదలుపెడతారు. ముందు అవి సరిచేసి మొదలుపెడుతున్నాను.

తాతగారూ, 'జత' నిన్న రాత్రే పనికొచ్చింది. ప్రూఫు జతచేశానని రాసి పంపబోయాను, మట్ ఆపింది. చూస్తే ఫైలు లేదు.

పెద్దాయనకి అదే వ్యాసం మళ్లీ పంపాను. ఈసారి ఫోన్ రాలేదు, ఉత్తరమే వచ్చింది. 12 సవరణలు చెప్పాను. తొమ్మిదింటి కింద 'సరే' అని ఉంది. మూడు ఒప్పుకోలేదు, ఒక్కోదాని కింద కారణం రాశారు. ఆయన 'ఊరవతల' అన్న చోట నేను 'పొలిమేర' అన్నాను. "పొలిమేర అంటే గీత. నా కథల ముసలమ్మ గీత దాటి చాన దూరం పోయింది" అని రాశారు. ఆ మాట అలాగే ఉంచాం.