వ్యాన్‌లో ట్యాంకు పెట్టి అద్దాలు కడిగే పనికి ఏ మోటారు తీసుకోవాలి?

నెల్లూరు అద్దాల పని:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. నేను, మా బామ్మర్ది కలిసి నాలుగేళ్లుగా షోరూములు, ఆస్పత్రులు, కాంప్లెక్సుల అద్దాలు తుడిచే పని చేస్తున్నాం. నిచ్చెన, బకెట్టు, వైపరు, ఇంతే మా సామాను. పోయిన ఎండాకాలం మినీ బైపాస్‌లో ఒక బిల్డింగు దగ్గర నిచ్చెన కాలు తడి టైల్సు మీద జారింది. బామ్మర్ది కిటికీ గ్రిల్లు పట్టుకుని వేలాడాడు, నేను నిచ్చెన మళ్లీ నిలబెట్టేదాకా ఆ పిల్లోడి కాళ్లు గాల్లోనే ఉన్నాయి. దెబ్బలేం తగల్లేదు గానీ ఆ రోజే అనుకున్నాం, ఇక ఎక్కేది లేదు, నేల మీద నిలబడే పని చేయాలని.

అందుకని లోపల సన్న పైపు పోయి చివర బ్రష్షులోంచి నీళ్లు వచ్చే పొడుగు పోలు కొన్నాం, 35 అడుగులది. సెకండ్ హ్యాండ్ ఈకో కార్గో వ్యాను ఉంది, దాంట్లో 300 లీటర్ల ట్యాంకు బిగించాం. ఆగిపోయింది మోటారు దగ్గరే. ఒక షాపులో ఇంట్లో వాడే అర హెచ్‌పీ మోటారు, ఇన్వర్టరు పెట్టుకోమన్నారు. మా ఊళ్లో రైతులు మందు కొట్టే బ్యాటరీ మోటారు చాలని అంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే 12 వోల్టుల పంపులు రెండు రకాలు కనిపించాయి, ఒకటి నిమిషానికి 5 లీటర్లు 100 పీఎస్ఐ, ఇంకోటి 17 లీటర్లు 40 పీఎస్ఐ (పీఎస్ఐ అంటే నీళ్ల ఒత్తిడి కొలత). లీటర్లు ఎక్కువ వచ్చేదే మంచిది కదా అంటాడు మా వాడు. ఒక్కసారే కొనగలం, చేసినవాళ్లు కాస్త చెప్పండి.

ఒంగోలు, కరెంటు పని:

తమ్ముడూ, ఇన్వర్టరు మీద ఇంటి మోటారు మాత్రం వద్దే వద్దు. అర హెచ్‌పీ అంటే దాదాపు 370 వాట్లు. నడుస్తున్నప్పుడే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 40 ఆంప్స్ పైన లాగుతుంది, స్టార్టయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు. మధ్యాహ్నానికి బ్యాటరీ చచ్చిపోతుంది. అంతకంటే ముఖ్యం, తడి చేతులు, తడి నేల, రేకు బండి, అందులో 230 వోల్టులు. నిచ్చెన దిగింది ప్రాణం కోసమే కదా, ఇంకో ప్రమాదం వ్యాన్‌లోకి ఎక్కించుకోవద్దు.

ఇంకొకటి. ఆ పోలు కార్బన్‌దా, అల్యూమినియందా? రెండింట్లోనూ కరెంటు పారుతుంది. మన టౌన్లలో 11 కేవీ లైన్లు బాల్కనీలకి ఎంత దగ్గరగా పోతాయో నేను రోజూ చూస్తున్నాను. పోలు తెరిచే ముందు తల పైకెత్తి చూడండి. లైను దగ్గరుంటే ఆ వైపు అద్దాలు మేం చేయం అని చెప్పేయండి, డబ్బులు పోతే పోనీ. ఫైబర్ గ్లాస్ పోలైనా తడిస్తే నమ్మడానికి లేదు.

కావలి, స్ప్రేయర్ల రిపేరు:

ఎక్కువ లీటర్లు అన్న మాటే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది అన్నా. పెట్టె మీద 17 లీటర్లు అని రాసేది ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు వచ్చే లెక్క. మీ బ్రష్షు దగ్గర కావలసింది నిమిషానికి లీటరున్నర, మహా అయితే రెండు లీటర్లు. అంతకు మించి వస్తే ట్యాంకు ఖాళీ అవడం తప్ప అద్దం ఎక్కువ శుభ్రం కాదు. నిమిషానికి రెండు లీటర్లంటేనే గంటకి 120 లీటర్లు, 300 లీటర్లు రెండున్నర గంటల్లో అయిపోతాయి.

ఇప్పుడు ఒత్తిడి చూడండి. 35 అడుగుల ఎత్తుకి నీళ్లు ఎక్కడానికే 15 పీఎస్ఐ పోతుంది. ఆ తర్వాత పైపు. అసలు దెబ్బ ఇక్కడే. లోపలి కొలత 6 ఎంఎం ఉన్న పైపు 100 మీటర్లు పరిస్తే, రెండు లీటర్లు పారేటప్పుడు రమారమి 50 పీఎస్ఐ ఆ పైపే తినేస్తుంది. అదే 8 ఎంఎం పైపైతే 15 దాకా పోతుంది, అంతే. బయటి కొలత కాదు, లోపలి బెజ్జం కొలిచి కొనండి, షాపులో బయటి కొలతే చెప్తారు. వీటి మీద పోలు లోపలి సన్న పైపు, బ్రష్షు జెట్లు ఇంకొంత లాగుతాయి. 40 పీఎస్ఐ పంపు పెడితే అసలు నీళ్లు రావని కాదు, పైన బొటబొటా కారతాయి, దాంతో మురికి జారదు. కాబట్టి 5 లీటర్లు 100 పీఎస్ఐ డయాఫ్రమ్ పంపే (లోపల రబ్బరు పొర కదిలి నీళ్లు తోసేది) తీసుకోండి, పైపు 8 ఎంఎం వేయండి.

మందు కొట్టే మోటారు కూడా జాతికి ఇదే, డయాఫ్రమ్ పంపే. కొత్తదైతే పని చేస్తుంది. కానీ వాడినది మాత్రం తేవద్దు, ఎంత కడిగినా లోపల రబ్బరుకి మందు పట్టి ఉంటుంది, ఆ నీళ్లు మీ మొహం మీదే పడతాయి. రేపు రెండో పోలు కొనే ఆలోచన ఉంటే ఒక పెద్ద పంపు కాదు, చిన్నవి రెండు పెట్టుకోండి. ఒకటి ఆగితే ఇంకోదాంతో ఆ రోజు పని గట్టెక్కుతుంది.

నెల్లూరు అద్దాల పని:

చాలా థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నిన్న తెలిసినాయన దగ్గర కొత్త స్ప్రేయర్ మోటారు అడిగి తెచ్చి పెట్టి చూశాం. నీళ్లు పైకి బాగానే వచ్చాయి గానీ మోటారు ఆగకుండా టక్ టక్ టక్ అని కొట్టుకుంటోంది, సెకనుకి రెండు మూడు సార్లు ఆగి మళ్లీ మొదలవుతోంది. పైపు కూడా చేతిలో అదురుతోంది. పాడైందా?

కావలి, స్ప్రేయర్ల రిపేరు:

పాడవలేదు. పంపు తలకాయ మీద చిన్న ప్రెషర్ స్విచ్ ఉంటుంది. మీ జెట్లు రెండు లీటర్లే వదులుతాయి, పంపు అంతకన్నా ఎక్కువ తోస్తుంది, ఒత్తిడి పెరగ్గానే స్విచ్ కట్ చేస్తుంది, కాస్త తగ్గగానే మళ్లీ కలుపుతుంది. పొలంలో నాజిల్ పెద్దది కాబట్టి అక్కడ ఈ గోల ఉండదు. ఇట్లాగే నడిపితే కొన్నాళ్లకి స్విచ్ పాయింట్లు కాలిపోతాయి, నా దగ్గరకి రిపేరుకొచ్చే పంపుల్లో చాలా వాటి జబ్బు ఇదే. మందు ఏమిటంటే మోటారు వేగం తగ్గించే కంట్రోలర్ పెట్టడం. మీకు కావలసిన రెండు లీటర్లే తోసేట్టు తిప్పి పెట్టుకుంటే టక్ టక్ పోతుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. కొన్ని కంట్రోలర్లు పోలు దగ్గర ట్యాప్ కట్టేస్తే గ్రహించి పంపుని ఆపేస్తాయి, దొరికితే అదే కొనండి.

పంపు ముందు జల్లెడ ఫిల్టరు తప్పనిసరి. ట్యాంకు పక్కనే, కింద రబ్బరు ముక్కలేసి బిగించండి. మూసిన పెట్టెలో పెట్టొద్దు, ఈ పంపులు చాలావరకు ఆగి ఆగి నడవడానికి చేసినవి, మన మే నెల ఎండకి వ్యాన్‌లో ఊపిరాడక వేడెక్కిపోతాయి.

టంగుటూరు, వాటర్ ప్లాంటు:

మోటారు సంగతి సరే, ట్యాంకులో పోసే నీళ్ల మాట ఎవరూ అడగలేదేంది అబ్బయ్యా? ఈ పద్ధతిలో అద్దాన్ని తుడవరు, కడిగి వదిలేస్తారు, అదే ఆరిపోవాలి. బోరు నీళ్లు కొడితే ఆరాక అద్దం నిండా తెల్ల చుక్కలే. నీళ్లు ఆవిరైపోతాయి, అందులో కరిగిన ఉప్పులు ఎక్కడికి పోతాయి? మన ప్రాంతంలో సముద్రం వైపు ఊళ్లలో, ఇటు కనిగిరి, పామూరు వైపు కూడా బోరు నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన ఉప్పుల లెక్క, వెయ్యి దాటడం మామూలే. తాగే నీళ్లకి 500 దాకా మంచిదంటుంది మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, అద్దానికి అది పనికిరాదు. 10 లోపు ఉండాలి, సున్నా అయితే ఇంకా మేలు.

ఇంటి ఆర్ఓ కూడా వెయ్యిని సున్నా చేయదు, యాభై అరవై దగ్గర ఆగుతుంది. ఆ మిగిలింది తీయడానికి డీఐ రెజిన్ సీసా (కరిగిన ఉప్పుల్ని పట్టేసుకునే గుళికలున్నది) పెట్టాలి. నేరుగా బోరు నీళ్లు రెజిన్‌లో పోస్తే రోజుల్లో అయిపోతుంది, ఆర్ఓ నీళ్లు పోస్తే దానికి పదిహేను రెట్ల దాకా వస్తుంది. మీరు ఆర్ఓ కొనక్కర్లేదు. మీ వీధిలో క్యాన్ల ప్లాంటు ఉంటుంది కదా, రాత్రి పూట 300 లీటర్లు పట్టించుకుని రెజిన్ గుండా ట్యాంకులోకి వదులుకోండి. చిన్న టీడీఎస్ మీటరు కొని ప్రతి ట్యాంకుకీ ముంచి చూడండి.

నెల్లూరు అద్దాల పని:

నిజమే, ఇది నాకు తట్టనే లేదు. మా ఇంటి బోరు 1,140 చూపించింది. ప్లాంటు నీళ్లు 58. రెజిన్ ఆర్డరు పెట్టాను. ఒంగోలు అన్నా, వైరింగు ఒక్కటి చెప్పండి, బ్యాటరీ ముందు ఉంచాలా వెనకా?

ఒంగోలు, కరెంటు పని:

బండి స్టార్ట్ చేసే బ్యాటరీ మీద పంపు వేయొద్దు, సాయంత్రం తోసుకుంటూ ఇంటికి రావాలి. వెనక వేరే 100 ఏహెచ్ బ్యాటరీ పెట్టు, పంపు దగ్గర్లోనే. పంపు 5 ఆంప్స్ లాగినా ఆరు గంటలకి 30 ఏహెచ్, సగం కూడా ఖాళీ కాదు. ఇంజన్ నడిచేటప్పుడు అది కూడా ఛార్జ్ అయ్యేట్టు మధ్యలో వోల్టేజి రిలే పెట్టిస్తే ప్లగ్గు గొడవ ఉండదు. పంపుకి 4 ఎంఎం రాగి వైరు. ఇంటి లైట్లకి వాడే ఒకటిన్నర ఎంఎం లాగితే ఐదు మీటర్ల దూరానికే అర వోల్టు పైనే పోతుంది, 12లో అది తక్కువ కాదు. ఫ్యూజు 15 ఆంప్స్, పంపు దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే. వైరు మధ్యలో ఎక్కడ రేకుకి ఒరుసుకున్నా ముందు ఫ్యూజే పోవాలి. ట్యాంకుని కింద చట్రానికి పట్టీలతో కట్టారా? 300 లీటర్లంటే 300 కిలోలు, సడన్ బ్రేకు వేస్తే మీ వీపు మీదకే వస్తుంది.

నెల్లూరు అద్దాల పని:

పట్టీలు రెండే ఉన్నాయి అన్నా, ఇవాళే ఇంకో రెండు వేయించాను.

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. 100 పీఎస్ఐ పంపు, కంట్రోలరు, 8 ఎంఎం పైపు, అన్నీ బిగించాం. మాగుంట లేఅవుట్‌లో ఒక క్లినిక్కు, మూడంతస్తులు, పొద్దున ఆరింటికి ఎండ పడకముందే మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించాం. మీటరు 2 చూపించింది. ఆరాక దగ్గరికెళ్లి చూస్తే అద్దం మధ్యలో ఒక్క చుక్క లేదు. పై అంచున మాత్రం గీతలుగా కారిన మరకలు మిగిలాయి, ఫ్రేము సందుల్లో ఏళ్ల దుమ్ము ఉండి అదే కిందకి జారింది. మర్నాడు ముందు ఫ్రేము బాగా రుద్ది, రెండు నిమిషాలు ఆగి, తర్వాత అద్దం కడిగితే అవీ రాలేదు. బామ్మర్ది పని మొత్తం చెప్పులేసుకుని నేల మీదే నిలబడి చేశాడు.