హనోయ్‌లో 12 రోజులు, 80 వేలు: ఒంటరిగా వెళ్లే మగవాళ్లకు ఖర్చు, పరిచయాలు, జాగ్రత్తలు

పటాన్‌చెరు పావురం:
హైదరాబాద్ నుంచి 12 రోజులు, టికెట్‌తో కలిపి 80 వేలు. హనోయ్ (వియత్నాం), బ్యాంకాక్ రెండూ కుదురుతాయా, ఒకటే మేలా? అక్కడి అమ్మాయిలతో మర్యాదగా పరిచయం చేసుకుని కాఫీకి వెళ్లడానికి, కలిసి ఊరు చూడడానికి యాప్‌లు పనికొస్తాయా? డబ్బిచ్చే వ్యవహారం గురించి అడగట్లేదు. తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

చిక్కడపల్లి సంచారి:
ఒక్క ఊరే పెట్టుకోండి, అది హనోయ్ అయితే ఇంకా మంచిది. మొదటిసారి కలిసినప్పుడు ఎవరైనా మొహమాటంగానే ఉంటారు, అసలు మాటలు రెండోసారి కలిసినప్పుడే. ఆ రెండోసారికి మీరు ఊళ్లో ఉండాలి కదా. రెండు మూడు ఊళ్లు పెట్టుకుంటే బ్యాగు సర్దుకోవడంతోనే సరిపోతుంది, మధ్యలో విమానం ఖర్చు అదనం.

80 వేలు ఇలా పంచుకోవచ్చు. ఆరేడు వారాల ముందు కొంటే రానుపోను టికెట్‌కి 28,000 వేసుకోండి. వీసా 2,300. హాస్టల్ డార్మ్‌లో 5 రాత్రులు 3,500, చిన్న హోటల్ గదిలో 6 రాత్రులు 10,800. తిండికి రోజుకి వెయ్యి చొప్పున 12,000, ఊళ్లో తిరగడానికి 3,600. ఇన్సూరెన్స్, ఈ-సిమ్ కలిపి 2,000. బయట కలవడాలకు 7,500, అంటే ఐదుసార్లు కలిసినా సరిపోతుంది. మొత్తం 69,700. మిగిలిన పదివేలు ముట్టుకోకండి, అది ఆసుపత్రికో, తప్పిపోయిన విమానానికో. డార్మ్ మొదటి ఐదు రోజులు పెట్టుకోండి. తోడు తిరిగేవాళ్లు దొరికేది అక్కడే.

శంషాబాద్ దారి:
వీసా దగ్గర మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు పేరే. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజులకు ఇస్తున్నారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, మిగతా పేరుకు ఇంకో గడి ఉంటాయి. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి తండ్రి పేరు కూడా కలిసి పొడుగ్గా ఉంటుంది. ఆధార్‌లో ఎలా ఉందో చూడకండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి, పేరు ఆ పై వరుసలో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. టికెట్ మీదా అదే పేరు. తప్పు పడితే ఫీజు తిరిగి రాదు, మళ్లీ దరఖాస్తు చేయాలి. మూడు పనిదినాలు అంటారు గానీ పదిహేను రోజుల ముందే పెట్టండి, వాళ్ల టెట్ పండుగ సెలవుల్లో ఇంకా ముందే. వెతికితే ముందు కనిపించేవి చాలావరకు ఏజెంట్ల సైట్లు. 25కి బదులు 60, 80 డాలర్లు అడుగుతుంటే అది ప్రభుత్వ సైట్ కాదు.

ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో దుబాయ్ మీదుగా టికెట్ కొనేముందు ఎయిర్‌లైన్స్‌ని అడగండి. 2022 నవంబరు నుంచి విజిట్ వీసా మీద వచ్చే ఒంటిపేరు ప్రయాణికులను అక్కడ రానివ్వడం లేదు.

మన ఇమిగ్రేషన్ కౌంటర్లో ఒంటరిగా వెళ్లే కుర్రాళ్లను కాస్త ఎక్కువే అడుగుతారు. రిటర్న్ టికెట్, మొదటి నాలుగు రాత్రుల బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆఫీసు సెలవు ఉత్తరం కాగితం మీద ఉంచుకోండి. ఉద్యోగం ఆశ చూపి మనుషులను తరలించే ముఠాల వల్లే ఈ ప్రశ్నలు. విసుక్కోకుండా జవాబు చెప్పండి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఇమిగ్రేషన్ అనుమతి కావాలన్న గుర్తు) ఉంటే ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా ఆ జాబితాలో ఉన్న దేశాలే. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే ముందే ఆ ముద్ర తీయించుకోండి.

కోఠి లెక్కలు:
డబ్బు విషయం. రూపాయికి దాదాపు 300 డాంగ్ (వియత్నాం కరెన్సీ). నోట్లలో సున్నాలు లెక్కపెట్టడం అలవాటయ్యేదాకా తొందరపడకండి. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలమే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. చీకట్లో టాక్సీ దిగేటప్పుడు 70 రూపాయల చోట 1,700 ఇచ్చేస్తారు. పెద్ద నోటు కొంచెం పొడుగు, రంగు ఆకుపచ్చ వైపు ఉంటుంది. దాన్ని పర్సులో వేరే అరలో పెట్టుకోండి.

మామూలు కార్డు గీకితే బ్యాంకు అదనంగా వేసుకునే మార్కప్ 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. మార్కప్ లేని కార్డు ఒకటి తీసుకోండి. ఏటీఎం 'రూపాయల్లో లెక్క కట్టనా' అని అడిగితే వద్దనే నొక్కండి, ఆ రేటు ఎప్పుడూ నష్టమే. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి 86 నంబరు బస్సు 45,000 డాంగ్. శాకాహారులు 'కోమ్ చాయ్' అన్న బోర్డు వెతకండి. అది మన చాయ్ కాదు, శాకాహార భోజనం.

బర్కత్‌పురా:
యాప్‌ల సంగతి. టిండర్‌లో ఊరు మార్చే సౌకర్యానికి డబ్బు కట్టాలి. వెళ్లడానికి వారం ముందు మొదలుపెడితే చాలు. ప్రొఫైల్లో 'ఫలానా తేదీ నుంచి 11 రోజులు ఉంటాను' అని నిజం రాయండి. రాయకుండా పెళ్లి, భవిష్యత్తు అని మాట్లాడడం మోసమే. ఎదుటివాళ్లకు ముందే తెలిస్తే, కాఫీ వరకే కావాలనుకునేవాళ్లే జవాబిస్తారు. అది ఇద్దరికీ మేలు. అక్కడ వాట్సాప్ కంటే 'జాలో' అనే మెసేజ్ యాప్ ఎక్కువ వాడతారు.

యాప్ లేకుండా కూడా పరిచయాలు అవుతాయి. హోన్ కియెమ్ సరస్సు చుట్టూ శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు బండ్లు ఆపేస్తారు. ఇంగ్లీషు మాట్లాడడం ప్రాక్టీసు చేయాలని కాలేజీ పిల్లలు వచ్చి పలకరిస్తారు. వాళ్లు వచ్చింది భాష కోసం. దాన్ని వేరేగా తీసుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. వియత్నామీలో 'నువ్వు' అనడానికి కూడా వరసలే. 'ఆన్' అంటే అన్న, 'ఎమ్' అంటే తనకంటే చిన్నవాళ్లు. కూరగాయలమ్మే ఆవిడా ఆన్ అంటుంది, ప్రేమించిన అమ్మాయీ ఆన్ అంటుంది. మన దగ్గర అన్నా అంటే కథ ముగిసినట్టు. అక్కడ ఆ పిలుపును బట్టి అటూ ఇటూ ఏమీ తేల్చుకోకండి. ఆమె తనంతట తాను మళ్లీ కలుద్దామని అడిగిందా లేదా అన్నదే చూడండి. రెండు మెసేజ్‌లకు జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

మౌలాలి:
మొదటి కలయిక పగలు, మీరు ఎంచుకున్న కాఫీ షాపులో, ధరలు గోడ మీద కనిపించే చోట. ఆమె ఫలానా బార్‌కే రావాలని పట్టుబడితే, మెనూలో ధరలు లేకపోతే లేచి వచ్చేయండి. బిల్లు వేలల్లో వచ్చాక బౌన్సర్లతో వాదించి లాభం లేదు. ఇది విదేశాలకే పరిమితం కాదు, 2024లో హైటెక్ సిటీ వైపు ఇలాంటి ముఠానే పోలీసులు పట్టుకున్నారు.

రెండో రకం మోసం మెల్లగా వస్తుంది. రెండు రోజుల్లో టెలిగ్రామ్‌కి రమ్మంటారు, వారానికి క్రిప్టో లాభాలు చూపిస్తారు. మొదట ఐదువేలు పెడితే ఆరువేలు నిజంగానే వెనక్కి ఇస్తారు, నమ్మకం కోసం. పెద్ద మొత్తం పెట్టాక 'పన్ను కడితేనే విత్‌డ్రా' అంటారు. అక్కడ ఆగి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. వీడియో కాల్‌లో బట్టలు తీయమంటే అది రికార్డు చేసి బెదిరించడానికే.

థాయ్‌లాండ్‌లో టైపింగ్ ఉద్యోగం అని ఎవరైనా అంటే అసలు వెళ్లకండి. సరిహద్దులోని మే సాట్ అనే థాయ్ ఊరి దగ్గర నది దాటించి మయన్మార్‌లో బంధిస్తారు. 2025 మార్చిలో వైమానిక దళ విమానాల్లో వందలమందిని వెనక్కి తెచ్చారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

పటాన్‌చెరు పావురం:
చాలా థ్యాంక్స్ అన్నా. హోటల్ గదికి ఎవరైనా వస్తే ఇబ్బందా? ఓటీపీలు అక్కడ వస్తాయా?

చిక్కడపల్లి సంచారి:
హోటలువాళ్లు ప్రతి అతిథి వివరాలూ పోలీసులకు పంపాలి, కాబట్టి రిసెప్షన్‌లో ఆమె గుర్తింపు కార్డు అడుగుతారు. అడగని చోటు కంటే అడిగే చోటే మీకు రక్షణ. వయసు తేలకపోతే రావద్దని చెప్పేయండి. మైనర్ విషయంలో అక్కడి చట్టమే కాదు, మన క్రిమినల్ చట్టం భారతీయ న్యాయ సంహిత కూడా విదేశంలో ఉన్న మన పౌరులకు వర్తిస్తుంది. ఆమె ఇష్టం మాటల్లో స్పష్టంగా లేకపోతే లేనట్టే. కండోమ్‌లు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. హెపటైటిస్-బి టీకా ఆరు నెలల కోర్సు, మొదలుపెట్టాలంటే ఇప్పుడే.

ఓటీపీ కోసం మన సిమ్‌లో రోమింగ్ ఆన్ చేసి, డేటా మాత్రం ఆఫ్ చేయండి. నెట్‌కి ఈ-సిమ్. టాక్సీ పిలిచే గ్రాబ్ యాప్‌లో కార్డు ఇక్కడే, ఇంట్లో ఉండగానే ఎక్కించుకోండి. అక్కడికెళ్లాక అర్ధరాత్రి ఓటీపీ రాకపోతే కార్డు ఎక్కదు, బండికి నగదే ఇవ్వాలి.