మళ్లీ ఇన్నేళ్లకి ‘మరోచరిత్ర’ పెట్టాం. టీవీలో తేడానా, నాలోనా?

వాల్తేరమ్మాయి:
మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, ఇల్లు కదలడానికి లేదు. సీరియళ్లంటే గిట్టదు. పాత సినిమాలు పెట్టమంటే మొన్న ఆదివారం ‘మరోచరిత్ర’ పెట్టాను. కాలేజీ రోజుల్లో వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) అద్దెకి తెచ్చుకుని, రాత్రికి మూడు సినిమాలు లాగించేవాళ్లం చూశారా, అప్పుడు చూసిందే నేను. అమ్మయితే 1978లో వచ్చినప్పుడే హాల్లో చూసేసింది.

మొదటి గొడవ బొమ్మతో. అందరి మొహాలూ పూరీల్లా ఉబ్బిపోయాయి. పైగా మనుషులు నడుస్తుంటే నిన్నగాక మొన్న తీసిన సీరియల్ చూస్తున్నట్టుంది, సినిమాలా లేదు.

రెండోది ఇంకా ఘోరం. ప్రేమించుకున్న బాలు, స్వప్న ఏడాదిపాటు ఒకరినొకరు చూసుకోకూడదని పెద్దవాళ్లు షరతు పెడతారు కదా, అప్పట్లో వాళ్ల మీద పళ్లు కొరికాం. ఇప్పుడేమో ‘ఏడాదే కదమ్మా, ఆగితే ఏం పోయింది’ అని పైకే అనేశాను. ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి నన్నొక చూపు చూసింది. అమ్మ మాత్రం ఇప్పటికీ పిల్లల పక్షమే!

టీవీ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. మన వైజాగ్ కనిపించే పాత సినిమాలు ఇంకేమున్నాయో కూడా చెప్పండి. కథ కంటే ఆ రోడ్లు గుర్తుపట్టడమే అమ్మకి సరదా.

స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్:
అమ్మా, మొహాలు ఉబ్బడం, సీరియల్‌లా ఉండటం, రెండూ టీవీ సెట్టింగులే. బొమ్మని స్క్రీన్ నిండా సాగదీసే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. పిక్చర్ సైజు అనే చోటికి వెళ్లి ఒరిజినల్ అనో, 4:3 అనో ఉన్నది పెట్టండి. అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి. కంగారు పడొద్దు, స్కోప్, అంటే బాగా వెడల్పు తెర, రాకముందు తెర ఆకారమే అది. తెలుగులో సినిమాస్కోప్ 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తోనే మొదలైంది, ఆ తర్వాత కూడా అందరూ వెంటనే దానికి మారలేదు. నల్ల పట్టీలు చూడలేక జూమ్ నొక్కారో, నెత్తీ గడ్డం తెగిపోతాయి.

సీరియల్‌లా ఉండటానికి కారణం వేరే. సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములతో. కొత్త టీవీలు మధ్యలో లేని ఫ్రేములు సొంతంగా పుట్టించి కదలికని నున్నగా చేస్తాయి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది, ‘మోషన్’ అనే మాట ఉన్నదాన్ని ఆపేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఒక్క దెబ్బతో పని అయిపోతుంది.

ఇంకోమాట. ‘మాయాబజార్’ పెడితే నలుపు తెలుపుదే పెట్టండి. 2010లో రంగులేసినప్పుడు స్కోప్‌కి కూడా మార్చారు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలు చూడాలంటే 1957 నాటి బొమ్మే చూడాలి. రంగుల్లోదే బాగుందని మా ఆవిడ అంటుంది. ఇంట్లో నా మాట చెల్లదు, ఇక్కడైనా చెల్లనివ్వండి.

తగరపువలస:
మరోచరిత్రలో మా భీమిలి తీరం కూడా ఉంది, అమ్మగారికి చెప్పండి. ఇదే కథని దర్శకుడు బాలచందర్ 1981లో హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీస్తే అది గోవాలో జరిగే కథ అయిపోయింది. మా ఊళ్లో ఆ కోపం కొందరికి ఇంకా తగ్గలేదు!

జంధ్యాల గారివి పెట్టండి. ‘నాలుగు స్తంభాలాట’ (1982) అయితే బీచ్ కి బీచ్, నవ్వుకి నవ్వు. వీరభద్రరావు, వేలు ఇద్దరి పేర్ల ముందూ ‘సుత్తి’ చేరింది ఆ సినిమాతోనే. ‘చంటబ్బాయ్’ (1986) కూడా చూడండి, అందులో శ్రీలక్ష్మి గారి కవిత్వం వింటే మోకాలి నొప్పి మర్చిపోతారు.

గాజువాక:
నేను ఒప్పుకోనండి. కొన్నిటిని మళ్లీ ముట్టుకోకపోవడమే మేలు. ఎనిమిదో తరగతిలో విజిల్స్ వేసిన సినిమా ఒకటి పోయిన దసరాకి పెట్టాను, పేరెందుకు లెండి. హీరోయిన్‌ని చెంపదెబ్బ కొడితే మరుసటి సీన్‌లో డ్యూయెట్. పక్కన మా పాప కూర్చుంది. రిమోట్ ఎక్కడుందా అని వెతుక్కున్నాను. పాటలొక్కటీ విడిగా పెట్టుకోండి, చాలు.

వాల్తేరమ్మాయి:
స్టీల్‌ప్లాంట్ గారూ, మోషన్ తీసేశాక మళ్లీ సినిమా సినిమాలా ఉంది, దండాలండీ. నల్ల పట్టీలు చూసి టీవీ పాడైందని పక్కింటావిడ జాలిపడి వెళ్లారు.

నిన్న మళ్లీ పెట్టాం, కానీ లిఫ్టు పాట దగ్గర అరగంట ఆగిపోయాం. ఆ పాట మొత్తం సినిమా పేర్లే కదా. ‘కలసి ఉంటే కలదు సుఖము’ అనగానే అమ్మ, “ఎన్టీఆర్, సావిత్రి” అంది. అక్కణ్ణుంచి ఒక్కో పేరుకీ ఆపడం, అమ్మ హీరో హీరోయిన్లని చెప్పడం, మా అమ్మాయి ఫోన్‌లో సరిచూడటం. తప్పు పట్టుకుందామని కూర్చున్న పిల్ల చివరికి చూడాల్సిన వాటి లిస్టు రాసుకుంది. తగరపువలస గారూ, హిందీలో ఈ పాటని హిందీ సినిమా పేర్లతోనే కట్టారని చెబితే అమ్మ నమ్మలేదు, అది కూడా పెట్టి చూపించాల్సి వచ్చింది.

గాజువాక గారూ, మీ బాధ నాకర్థమైంది. మరోచరిత్రలో కూడా బాలు వెంటపడే సీన్లు కొన్నిటికి మా అమ్మాయి మొహం చిట్లించింది. అయినా ఆపమనలేదు, పోట్లాడుతూనే చూసింది. షరతు విషయంలో మాత్రం అమ్మమ్మా మనవరాలూ ఒకటైపోయారు, నేను ఒంటరినయ్యాను. శనివారం నాలుగు స్తంభాలాట.